ఏజెన్సీ ఆసుపత్రిలో ఎవరి మాట ఎవరి దాకా

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల ఆసుపత్రి సూపరింటెండెంట్లకు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారులకు, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారులకు బహిరంగ లేఖ

రోగి మాట్లాడే భాష, తినే తిండి, ఇంటి కట్టుబాట్లు, జబ్బు ఎందుకు వచ్చిందన్న నమ్మకం. వీటన్నిటినీ లెక్కలోకి తీసుకుని సరైన వైద్యం అందించగలగడాన్ని సాంస్కృతిక దక్షత అంటారు. అమెరికాలో మైనారిటీ పిల్లల మానసిక ఆరోగ్య సేవల గురించి టెర్రీ క్రాస్, ఆయన సహచరులు 1989లో రాసిన నివేదికలోని నిర్వచనమే ఈ రంగంలో ఇప్పటికీ చెలామణిలో ఉంది. సిబ్బంది ప్రవర్తన, వాళ్ల వైఖరి, సంస్థ పాటించే విధానాలు మూడూ ఒకచోట కలిస్తేనే భిన్న సంస్కృతుల మనుషుల మధ్య పని సవ్యంగా సాగుతుందని ఆ నివేదిక చెప్పింది. తర్వాత వచ్చిన శిక్షణ తరగతులు మొదటి రెండింటినే పట్టుకున్నాయి. నర్సులను ఒక పూట కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడమని చెప్పి, సంతకాలు తీసుకుని పంపించడం తేలిక. డ్యూటీ రోస్టరు మార్చడం, వార్డు నిబంధన సడలించడం, బడ్జెట్‌లో ఒక పద్దు పెట్టడం అంత తేలిక కాదు. అవి పై అధికారి చేతిలోని పనులు.

ఈ సంగతిని అమెరికా ఆరోగ్య శాఖ కొంత ఆలస్యంగా గుర్తించింది. ఆసుపత్రులు భాషాపరంగా, సంస్కృతిపరంగా రోగికి తగిన సేవలు అందించాలంటూ 2000లో 14 జాతీయ ప్రమాణాలు ప్రకటించింది. 2013లో వాటిని సవరించి 15 చేసింది. ఆ సవరణలో ప్రధాన ప్రమాణం తర్వాత మొట్టమొదటి విభాగం పాలన, నాయకత్వం, సిబ్బంది గురించే. దుబాసీల ఏర్పాటు, రోగుల భాషలో బోర్డులు ఆ తర్వాతి విభాగంలోకి వెళ్లాయి. న్యూజిలాండ్ మరో దారిలో నడిచింది. మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ చొరవతో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ 1992లో సాంస్కృతిక భద్రతను నర్సుల చదువులో భాగం చేసింది. సేవ భద్రంగా అందిందో లేదో చెప్పే అధికారం అక్కడ సేవ పొందినవారిది. వైద్యుడు తన దక్షతకు తానే మార్కులు వేసుకునే పద్ధతికి అది చెక్ పెట్టింది.

భారతదేశానికీ ఇలాంటి ప్రమాణం ఒకటి ఉంది. ప్రభుత్వ ఆసుపత్రులకు కేంద్రం రూపొందించిన జాతీయ నాణ్యతా ప్రమాణాల్లో రోగి హక్కుల విభాగం కింద, స్త్రీ పురుష భేదాన్ని, మత, సామాజిక, సాంస్కృతిక అవసరాలను గమనించి సేవలు అందించాలని స్పష్టంగా రాసి ఉంది. అయితే తనిఖీ బృందం వచ్చినప్పుడు ర్యాంపు, తెర, మహిళలకు విడిగా మరుగుదొడ్డి చూపిస్తే ఆ గడి నిండిపోతుంది. కువి భాష మాత్రమే తెలిసిన బాలింతతో ఆ రోజు ఎవరు మాట్లాడారన్న ప్రశ్న ఏ ఫారంలోనూ కనిపించదు.

2011 జనగణన ప్రకారం షెడ్యూల్డ్ తెగల జనాభా నేటి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 27 లక్షలు, తెలంగాణలో దాదాపు 32 లక్షలు. ఉట్నూరు వైపు గోండి, కొలామి. ఏటూరునాగారం, భద్రాచలం, చింతూరు వైపు కోయ. పాడేరు, అరకు కొండల్లో కువి, కొండ భాషలు. సీతంపేట దగ్గర సవర. అరకు లోయలో తెగల మధ్య మాటామంతీ ఎక్కువగా ఆదివాసీ ఒడియాలో నడుస్తుంది. వీటిలో గోండి, కోయ, కువి, కొలామి, కొండ తెలుగుకు దాయాదులే. సవర మాత్రం ముండా కుటుంబానికి చెందింది, దానికీ తెలుగుకూ చుట్టరికం లేదు. సంతకు వెళ్లే మగవాళ్లకు, ఆశ్రమ పాఠశాలలో చదివిన పిల్లలకు తెలుగు వస్తుంది. ఆసుపత్రి అవసరం ఎక్కువగా ఉండే ముసలివాళ్లకు, కొండ మీది పల్లెల్లోని గర్భిణులకు అంతగా రాదు. డాక్టరు అడిగినదానికి వాళ్లు తల ఊపుతారు. ఆ ఊపు కేస్‌షీట్లో అంగీకారంగా నమోదవుతుంది.

ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నం తెలుగు నేలకు కొత్త కాదు. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నారు, సవరల పిల్లలకు వాళ్ల భాషలోనే బడులు నడిపారు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. సవర కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడకంతో వినికిడి పోగొట్టుకున్నారు. కొమరం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం ఆదిలాబాద్ అడవులకు పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940ల్లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టించారు. కెస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు గోండుల ఫిర్యాదులు వినే దర్బారు కూడా ఆయన చలవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల పాఠాలు మొదలయ్యాయి. విద్యాశాఖ చేతిలో ఆ వాచకాలున్నాయి, ఆ భాషల్లో బోధించిన వాలంటీర్లున్నారు. అదే మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మాత్రం నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, విరేచనంలో రక్తం పడిందా అని అడగడానికి నాలుగు వాక్యాల కాగితం కూడా లేదు. రెండు శాఖల ఫైళ్లు ఒకే ప్రాజెక్టు అధికారి బల్ల మీదికి వస్తున్నా ఈ పరిస్థితి ఉంది.

కావలసిన జ్ఞానం ఆసుపత్రికి బయటి నుంచి రావలసిన పని లేదు. అది బృందంలోనే ఉంది, కాకపోతే అట్టడుగు మెట్టు మీద ఉంది. ఏజెన్సీ ఆరోగ్య వ్యవస్థలో రోగి భాష, బంధుత్వాలు, పండుగలు, భయాలు తెలిసినవాళ్లు ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, కొంతవరకు ఏఎన్‌ఎంలు. నిర్ణయాలు తీసుకునేది మైదానం నుంచి వచ్చి, రెండు మూడేళ్లలో బదిలీపై వెళ్లిపోయే డాక్టర్లు. సమాచారం పైనుంచి కిందికి ఆదేశాలుగా సాఫీగా దిగుతుంది. కింది నుంచి పైకి మాత్రం లక్ష్యాల అంకెలే ఎక్కుతాయి. ఎన్ని టీకాలు, ఎన్ని కాన్పులు, ఎన్ని రక్తపూతలు. ఆ అంకెల వెనక ఉన్న కారణం చెప్పడానికి ఫారంలో చోటు లేదు, సమావేశంలో సమయం లేదు.

తీవ్ర రక్తహీనత ఉన్న గర్భిణిని ఆశా కార్యకర్త ఒప్పించి ఏరియా ఆసుపత్రికి తీసుకొస్తుంది. రెండో రోజు మంచం ఖాళీ. కేస్‌షీట్లో 'చెప్పకుండా వెళ్లిపోయింది' అని రాస్తారు. ఇంటి దగ్గర చంటిపిల్లను చూసేవాళ్లు లేకపోవచ్చు. వార్డులోకి తల్లిని రానివ్వకపోవచ్చు. రక్తం ఎక్కించాలంటే భర్త రక్తం ఇవ్వాలని చెప్పి ఉండొచ్చు, రక్తమిస్తే పోడు కొట్టే శక్తి పోతుందని అతను భయపడి ఉండొచ్చు. పెట్టిన భోజనం ఇంటి పథ్యానికి పొసగకపోవచ్చు. పురుష వైద్యుడు పరీక్ష చేసిన తీరు నచ్చకపోవచ్చు. వీటిలో ఏది నిజమో తీసుకొచ్చిన ఆశాకు తెలుసు. ఆమె ఆ సమయంలో ప్రోత్సాహకం ఫారం మీద సంతకం కోసం వరండాలో నిలబడి ఉంటుంది. లోపలికి పిలిచి 'ఎందుకు వెళ్లిపోయింది?' అని అడిగే ఆనవాయితీ ఆ ఆసుపత్రిలో లేదు. మర్నాటి రౌండ్లలో ఆ ఖాళీ మంచం దగ్గర ఎవరూ ఆగరు.

నాయకత్వం పని ఇక్కడే మొదలవుతుంది. హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్ 1990ల్లో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు కనిపించింది. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం కాదు, చెప్పడానికి భయం తక్కువ. ఈ పరిశీలన ఏజెన్సీకి అచ్చంగా వర్తిస్తుంది. కులం, చదువు, ఉద్యోగ హోదా, భాష నాలుగూ ఒకే దిశలో పేర్చి ఉన్నచోట, గిరిజన ఆశా కార్యకర్త డాక్టరు మాటకు అడ్డు చెప్పడమంటే మాటలు కాదు. అలా చెప్పడాన్ని ఉద్యోగ ధర్మంగా మార్చగలిగింది సూపరింటెండెంట్ ఒక్కరే. ఆశా చెప్పింది విని ఒక్కసారి చికిత్స మార్చినా, ఆ కబురు సాయంత్రానికల్లా ఆ ప్రాంతంలోని ఆశాలందరికీ చేరుతుంది. విసుక్కున్నా అంతే వేగంగా చేరుతుంది.

దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. వారానికోసారి అరగంట కేసుల సమీక్ష చాలు. అందులో మాట్లాడే వరుస తిరగబడాలి. ముందు ఆశా, తర్వాత ఏఎన్‌ఎం, స్టాఫ్‌నర్సు, చివర డాక్టరు. డాక్టరు ముందే మాట్లాడితే మిగతావాళ్లు ఆ మాటనే మరో విధంగా చెబుతారు. ఏ ఆఫీసులోనైనా ఇంతే. సమీక్షకు ఎంచుకోవలసిన కేసులు చెప్పకుండా వెళ్లిపోయినవి, మందులు మధ్యలో ఆపేసినవి, రిఫర్ చేసినా వెళ్లనివి. అడగవలసిన ప్రశ్నలు వైద్య మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లీన్‌మన్ బృందం 1978లోనే రాసిపెట్టింది. ఈ జబ్బు దేనివల్ల వచ్చిందనుకుంటున్నారు? అప్పుడే ఎందుకు మొదలైంది? ఏ వైద్యం జరగాలని ఆశిస్తున్నారు? అన్నిటికన్నా దేనికి భయపడుతున్నారు? ఈ ప్రశ్నల బలమంతా వాటి జవాబుల్లోనే ఉంది. జవాబు విన్న డాక్టరు దాన్ని ఖండించనక్కర్లేదు, నమ్మనక్కర్లేదు. దాన్నిబట్టి చెప్పే తీరు మార్చుకుంటే చాలు.

ప్రసూతి మరణాల సమీక్షలో ఈ పద్ధతికి ఇప్పటికే ఒక చట్రం ఉంది. మరణం జరిగిన ఇంటికి వెళ్లి వివరాలు సేకరించడం, కలెక్టరు అధ్యక్షతన జరిగే సమావేశంలో మృతురాలి బంధువుల మాట వినడం మార్గదర్శకాల్లో ఉన్నాయి. చనిపోయిన తర్వాత కుటుంబాన్ని పిలిచి వినే వ్యవస్థకు, బతికుండగా పిలిచి వినడానికి అడ్డేమిటో తెలియదు.

దుబాసీ సంగతి విడిగా చెప్పుకోవాలి. ప్రస్తుతం ఆ పని స్వీపరుదో, పక్క మంచం రోగి బంధువుదో, బడికి వెళ్లే కొడుకుదో. తల్లి తెల్లబట్ట గురించి, గర్భస్రావం గురించి పన్నెండేళ్ల కొడుకు చేత అడిగిస్తే ఆమె నిజం చెప్పదు. పక్క ఊరివాడి ఎదుట క్షయ అని చెబితే రహస్యం పోయినట్టే. పైగా మధ్యలో ఉన్నవాళ్లు సర్దుకుని చెబుతారు, డాక్టరుకు కోపం రాకుండా, రోగికి బాధ కలగకుండా. శిక్షణ పొందిన, జీతం తీసుకునే, గోప్యతకు కట్టుబడిన దుబాసీ ఉంటేనే ఇవి ఆగుతాయి. పాడేరు నుంచి విశాఖ కేజీహెచ్‌కు, ఉట్నూరు నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు, ఏటూరునాగారం నుంచి వరంగల్ ఎంజీఎంకు రిఫర్ అయ్యే రోగులకు ఈ అవసరం రెట్టింపు. కొండ దిగి వచ్చిన మనిషికి అక్కడ కొత్తవి భాష ఒక్కటే కాదు, లిఫ్టు, టోకెను, కౌంటరు అన్నీ కొత్తే. రిఫరల్ చీటీ మీద రోగి భాష ఏదో ఒక ముక్క రాయడానికి ఖర్చేమీ లేదు. ఆ గడి చేర్చమని ఒక సర్క్యులర్ చాలు.

కాన్పు గది ఈ విషయమంతటికీ అసలు పరీక్ష. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. మిగిలిన ఆ కొద్ది శాతంలో కొండ మీది పల్లెల వాటా ఎంతో ఊహించడం కష్టం కాదు. ఇంటి దగ్గర కాన్పు గొంతుకూర్చుని, దూలానికి కట్టిన తాడు పట్టుకుని, తల్లి, అత్త, మంత్రసాని వెనక నుంచి పట్టుకుంటే జరుగుతుంది. ఆసుపత్రిలో బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకి కట్టి, అయినవాళ్లను బయటకు పంపేస్తారు. ఈ తేడా గర్భిణికి చిన్న విషయం కాదు.

పెరూలోని అయకూచో ప్రాంతంలో క్వెచువా స్త్రీలు ఆసుపత్రికి రాకపోవడానికి సరిగ్గా ఇవే కారణాలు. అక్కడ శాంటియానా అనే కొండ మండలంలో ఆరోగ్య సిబ్బంది, ఊరి స్త్రీలు, మంత్రసానులు కలిసి కూర్చుని కాన్పు పద్ధతిని తిరిగి రూపొందించారు. కాన్పు గదిలో తాడు, బల్ల పెట్టారు. నిటారుగా ఉండి కనే వీలు కల్పించారు. కుటుంబాన్ని, మంత్రసానిని లోపలికి రానిచ్చారు. క్వెచువా మాట్లాడేవాళ్లను గదిలో ఉంచారు. 1999లో అక్కడ ఆరోగ్య కేంద్రంలో జరిగిన కాన్పులు 6 శాతం, 2007 నాటికి 83 శాతం. ఆ మార్పుకు కొత్త యంత్రాలేవీ కారణం కాదు.

ఇక్కడ అలాంటి మార్పుకు ఏ నిబంధనా అడ్డు రాదు. 2017లో కేంద్రం మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమం కాన్పు గదిలో తోడుగా ఒక స్త్రీ ఉండడాన్ని ప్రోత్సహిస్తుంది. తల్లికి నచ్చిన భంగిమలో కాన్పు జరగనివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇవ్వడంలో తెలంగాణ దేశానికే దారి చూపింది; కరీంనగర్‌లో 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి మొదలైన ఆ శిక్షణలో నిటారు భంగిమలు పాఠంలో భాగం. కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 60.7 శాతం కాన్పులు సిజేరియన్లుగా జరిగే రాష్ట్రంలో ఆ నర్సుల అవసరం మైదానంలోనూ ఉంది, నిజమే. అయినా వాళ్లలో మొదటి విడతలను ఉట్నూరుకూ భద్రాచలానికీ పంపి ఉంటే ఫలితం ఎలా ఉండేదో అనిపించక మానదు. సాలూరులో ఏర్పడిన గర్భిణుల వసతి గృహం వంటివి దారి దూరాన్ని తగ్గించాయి. అక్కడికి వచ్చిన స్త్రీ తన పిల్లల్ని వెంట తెచ్చుకోగలదా, చోడి అంబలి దొరుకుతుందా అన్నవే ఆమె ఉంటుందో వెళ్లిపోతుందో తేలుస్తాయి.

కాన్పు గదిలో ఈ మార్పు రావాలంటే స్టాఫ్‌నర్సు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, వార్డు ఆయా, సెక్యూరిటీ గార్డు అందరూ ఒకే మాట మీద ఉండాలి. గార్డు గేటు దగ్గర అత్తను ఆపేస్తే మిగతావాళ్ల శిక్షణంతా వృథా. ఆసుపత్రిలో రోగికి మొదట కనిపించే మనిషి అతనే, ఏ శిక్షణ జాబితాలోనూ అతని పేరు ఉండదు.

వంశపారంపర్య రక్తజబ్బు సికిల్ సెల్ మరో రకం పరీక్ష. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని ప్రారంభించిన జాతీయ కార్యక్రమం 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని, ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. భార్యాభర్తలిద్దరూ జన్యు వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. వైద్యం వైపు నుంచి సలహా సులువు: పెళ్లికి ముందు పరీక్ష ఫలితాల కార్డులు చూసుకోండి. ఆదిలాబాద్ గోండుల్లో పెళ్లి సగల (గోత్ర సమూహాల) లెక్కన కుదురుతుంది. ఒకే సగలో పెళ్లి కూడదు, మేనరికం వరసలు ఉంటాయి, పెద్దల మాట ఉంటుంది. ఆ లెక్క తెలియకుండా ఇచ్చే కౌన్సెలింగ్ అడవిలో అరుపు. కార్డు చేతికొచ్చాక పిల్ల పెళ్లి ఆగిపోతే నింద ఆమె మీదే పడుతుంది, మగపిల్లాడి కార్డు ఎవరూ అడగరు. ఈ సంగతులు తేల్చగలిగినవాళ్లు గోండుల పెద్దల పంచాయతీలైన రాయి సెంటర్లలోని సార్మేడిలు, పటేళ్లు. పరీక్షల శిబిరానికి ముందే వాళ్లతో, ఊరి స్త్రీలతో విడివిడిగా కూర్చుని కార్డు ఎవరికివ్వాలి, ఎప్పుడివ్వాలి, ఫలితం ఎవరికి చెప్పాలి అన్నవి తేల్చుకోవలసింది. ల్యాబ్ టెక్నీషియన్, కౌన్సెలర్, ఆశ్రమ పాఠశాల వార్డెన్, ఆశా కలిసి చేయవలసిన పని ఇది. ఇప్పుడు ఎవరి రిజిస్టరు వాళ్లు నింపుకుంటున్నారు.

దిసారి, వడ్డె, గురువు వంటి సంప్రదాయ వైద్యుల విషయంలో ఆసుపత్రుల వైఖరి రెండు కొసల మధ్య ఊగుతుంది: మూఢనమ్మకమని కొట్టిపారేయడం, లేదా పట్టనట్టు ఉండడం. ఏజెన్సీ గ్రామంలో జ్వరం వచ్చిన మనిషిని మొదట చూసేది చాలాసార్లు అతనే. అతనితో వైరం పెట్టుకుంటే నష్టపోయేది రోగి. పూజ చేసుకోనివ్వండి, పూజ అయ్యాక రాత్రిలోగా పంపండి అన్న ఒప్పందం కుదిరితే మామూలు జ్వరంలో ఒక్క రోజు కలిసొస్తుంది. మెదడు మలేరియాలో, పాముకాటులో మాత్రం ఆ కొద్ది గంటలు కూడా ఇవ్వడానికి లేదు. ఏ జబ్బులో ఆగవచ్చు, దేనిలో ఆగకూడదు అన్న ఈ గీతను డాక్టరు గీయాలి, దాన్ని ఊరికి చేర్చే పని ఆశా చేయాలి.

ప్రాణహిత అవతలి ఒడ్డున ఉన్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ గోండులను అడిగి మరీ ఆసుపత్రి కట్టింది. పెద్ద భవనం బదులు గుడిసెల్లాంటి కట్టడాలు, బంధువులు వెంట ఉండే వీలు, ఆసుపత్రికి దంతేశ్వరి అమ్మవారి పేరు. అదే సంస్థ ఊరి స్త్రీలకు శిక్షణ ఇచ్చి నవజాత శిశువులకు ఇంటి దగ్గరే సంరక్షణ అందించి, ఆ గ్రామాల్లో నవజాత మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో ప్రకటించింది. దేశమంతా ఆశాలు ఇళ్లకు వెళ్లి పసిపిల్లలను చూసే పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే. దాన్ని తీసుకునేటప్పుడు ఇంటి సందర్శనల సంఖ్య వచ్చింది. ఆశా మాటకు ఆసుపత్రిలో ఉన్న విలువ రాలేదు.

తమిళనాడు గూడలూరులో 1990లో మొదలైన ఆదివాసీ ఆసుపత్రి ఇంకో అడుగు వేసింది. పణియ, బెట్టకురుంబ, కాట్టునాయక పిల్లలను నర్సులుగా తీర్చిదిద్ది, క్రమంగా ఆసుపత్రి నిర్వహణలోకి తెచ్చింది. రోగి భాష మాట్లాడే మనిషి మంచం పక్కన ఉంటే దుబాసీ అవసరమే రాదు. తెలుగు రాష్ట్రాల్లో స్థానికుల నియామకానికి చిక్కు ఉంది. ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే 2000 నాటి మూడో నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఆ తీర్పు తర్వాత వైద్య పోస్టుల్లో అలాంటి నూరు శాతం దారి తెరుచుకునే అవకాశం తక్కువ. స్థానిక గిరిజన భాష వచ్చినవారికి అదనపు మార్కులు, ఏజెన్సీ నర్సింగ్ కళాశాలల్లో ఆ భాషలో మౌఖిక పరీక్ష లాంటివి వేరే దారులు. భాషను అర్హతగా చూడడం కోర్టుకూ అభ్యంతరకరంగా తోచకపోవచ్చు.

ఇక జాగ్రత్త పడవలసిన సంగతి. సాంస్కృతిక దక్షత పేరుతో 'కోయవాళ్లు ఇలాంటివారు, చెంచులు అలాంటివారు' అనే జాబితాలు తయారుచేయడం కొత్త రకం చిన్నచూపు. ఒకే ఊళ్లో డిగ్రీ చదివిన కోయ యువతి, ఎన్నడూ బస్సెక్కని ఆమె అమ్మమ్మ ఒకే వార్డులో ఉంటారు. ఇద్దరికీ ఒకే 'కోయ ఆచారం' అంటగడితే ఇద్దరికీ అన్యాయం. అమెరికా వైద్యులు మెలనీ టెర్వలన్, జాన్ మరే గార్సియా 1998లో దక్షత అన్న మాటను వదిలి వినయం అన్నది ఇందుకే. మనిషి గురించి ముందే తెలుసనుకోవడం కన్నా ఆ మనిషినే అడగడం మేలు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి. రోడ్డు లేకపోవడాన్ని, అంబులెన్సు రాకపోవడాన్ని, నర్సు కసురుకోవడాన్ని 'వాళ్ల ఆచారం' ఖాతాలో వేసేయడం. నొప్పులు మొదలైన మనిషిని డోలీలో మోయడం ఏ తెగ సంస్కృతీ కాదు. కొండ ప్రాంతంలో 20 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 3 వేలకు ఒక ఉపకేంద్రం అన్న ప్రమాణం కాగితం మీద ఉంది. డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్న కేంద్రానికి రోగి రాకపోతే అందులో సంస్కృతి ప్రసక్తి లేదు. 'గిరిజనులు ఆసుపత్రికి రారు' అన్న వాక్యం సమీక్షలో వినపడినప్పుడల్లా, ఏ ఆసుపత్రికి, ఏ రోజు, ఎందుకు రాలేదని వెంటనే అడగవలసింది సమావేశాన్ని నడిపే అధికారే.

వేళలు కూడా పై అధికారి చేతిలోవే. కొండల మనుషులు వారపు సంతకు దిగుతారు. ఆ రోజు ఓపీ సాయంత్రం దాకా ఉంటే నాలుగు రోజుల పని ఒక్క రోజులో జరుగుతుంది. విశాఖ మన్యంలో ఇటుకల పండుగ నాడు, ఆదిలాబాద్‌లో దండారి రోజుల్లో టీకా శిబిరం పెట్టి, జనం రాలేదని నివేదిక పంపడం తప్పించుకోవచ్చు. ఏ ఊళ్లో ఏ పండుగ ఎప్పుడో ఏఎన్‌ఎంకు తెలుసు. మైక్రోప్లాన్ జిల్లా కేంద్రంలో తయారవుతుంది కనుక ఆమెను అడగరు.

కొలవని పని ప్రభుత్వంలో సాగదు కాబట్టి కొలతలు కూడా ఉండాలి, కానీ కొద్దిగా. చెప్పకుండా వెళ్లిపోయినవారి సంఖ్య తెగల వారీగా, భాషల వారీగా. తోడు మనిషి ఉండగా జరిగిన కాన్పులు. రిఫర్ అయినవారిలో నిజంగా చేరినవారు. వారపు సమీక్షలో ఆశా చెప్పిన కారణం వల్ల మారిన నిర్ణయాలు. చివరిది అంకెగా ఇమడదు, రెండు వాక్యాల్లో రాస్తే చాలు. బదిలీపై వెళ్లే డాక్టరు కొత్తగా వచ్చే డాక్టరుకు స్టాక్ రిజిస్టరుతో పాటు ఈ వాక్యాల పుస్తకం అప్పగిస్తే, ప్రతి మూడేళ్లకూ ఆసుపత్రి అఆల నుంచి మొదలుపెట్టే పరిస్థితి తప్పుతుంది.

అధికారాల పంపకం స్పష్టంగానే ఉంది. రోస్టరు, సందర్శకుల నిబంధన, వారపు సమీక్ష, కాన్పు గది పద్ధతి సూపరింటెండెంట్ పరిధిలోనివి. నియామకాలు, శిక్షణ, రిఫరల్ చీటీ, నివేదికల నమూనా జిల్లా వైద్యాధికారివి. భాషా వాలంటీర్లు, ఆశ్రమ పాఠశాలలు, రవాణా, వసతి గృహాలు ఐటీడీఏవి. రోగి కల్యాణ సమితిలో రాయి సెంటర్ పెద్దనో, స్వయం సహాయక సంఘం గిరిజన మహిళనో సభ్యులుగా చేర్చడానికి ముగ్గురూ ఒకసారి కూర్చుంటే చాలు. కొత్తగా ప్రభుత్వ మంజూరు కావలసింది దుబాసీ పోస్టు ఒక్కదానికే. అది వచ్చేదాకా మాతృభాషా వాలంటీర్లలో ఇద్దరు ముగ్గురిని ఎంచి, గోప్యత మీద, శరీర భాగాల పేర్ల మీద వారం రోజుల శిక్షణ ఇచ్చి, సమితి తీర్మానంతో గౌరవ వేతనం మీద సంత రోజుల్లోనూ కాన్పు వార్డులోనూ ఉంచవచ్చు.